కొండను కరిచిపట్టే రైలు

నాట్లకు ముందు బుచ్చిరెడ్డిపాళెం వైపు పొలాల్లో దమ్ము జరుగుతుంటే కాసేపు గట్టు మీద నిలబడి చూడండి. ట్రాక్టరుకు ఇనుప పలకల దమ్ము చక్రాలు బిగించి ఉంటాయి. అవి లేకుండా మడిలోకి దింపితే రబ్బరు టైర్లు ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి. ఇంజనుకు బలం లేక కాదు, ఆ బలం నేలకు అందక. పలకలు బురదను కరిచిపట్టుకుంటేనే బండి ముందుకు కదులుతుంది. ఊటీకి వెళ్లే నీలగిరి రైలు కొండ ఎలా ఎక్కుతుందని ఎవరైనా అడిగితే నేను మొదట చూపించేది ఆ చక్రాలనే.

నెల్లూరు మీదుగా పోయే గూడ్సు రైలు అంత బరువును సునాయాసంగా లాగుతుందంటే కారణం ఇనుము మీద ఇనుము తేలిగ్గా దొర్లడమే. చదునైన కోస్తాలో అది వరం. కొండ మీద అదే చిక్కు. ఉదాహరణకు 50 టన్నుల ఇంజను, మరో 50 టన్నుల పెట్టెలు అనుకుందాం. పన్నెండు అడుగులు నడిస్తే ఒక అడుగు ఎత్తు పెరిగే వాలులో ఆ 100 టన్నులను ఎక్కించడానికి 8 టన్నులకు పైగా బలం కావాలి. పట్టాలు పొడిగా ఉంటే ఇంజను తన బరువులో నాలుగో వంతు, అంటే పన్నెండు టన్నుల దాకా పట్టు సాధించగలదు. వాన పడి, పట్టాల మీద ఆకులు నలిగాయా, ఆ పట్టు అయిదు టన్నులకు పడిపోవచ్చు. అప్పుడు ఎక్కడం మాట అలా ఉంచండి, ఉన్నచోట నిలవడమే కష్టం. అందుకే గిద్దలూరు నుంచి నంద్యాలకు నల్లమల దాటే మార్గంలో వాలును తగ్గించడానికి వంపులు తిప్పారు, సొరంగం తవ్వారు. అంత చుట్టు తిరగడానికి కొండ చోటివ్వకపోతే మిగిలిన దారి ఒకటే: చక్రానికి పళ్లు పెట్టి, ఆ పళ్లు పట్టుకునే పట్టా పరచడం.

పళ్ల పట్టా మొదట పుట్టింది మాత్రం కొండ కోసం కాదు. 1812లో ఇంగ్లండులోని లీడ్స్ దగ్గర బొగ్గు మోయడానికి జాన్ బ్లెంకిన్‌సాప్ దాన్ని వాడాడు. నున్నటి చక్రాలతో తేలికపాటి ఇంజను బరువు లాగలేదని ఆనాటి భయం. త్వరలోనే నున్నటి చక్రాలు చాలునని తేలింది, పళ్లు క్రమంగా మూలన పడ్డాయి.

వాటిని కొండ మీదికి తెచ్చినవాడు అమెరికాలో న్యూ హాంప్‌షైర్‌కు చెందిన సిల్వెస్టర్ మార్ష్. షికాగోలో మాంసం వ్యాపారంలో డబ్బు సంపాదించిన మనిషి. 1857లో మౌంట్ వాషింగ్టన్ ఎక్కుతూ తుపానులో చిక్కుకుని బతికి బయటపడ్డాడు. ఈ కొండ మీదికి జనం సుఖంగా వెళ్లాలని, రైలు వేయడానికి అనుమతి అడిగితే, చంద్రుడి దాకా వేసుకోమని చట్టసభలో నవ్వారని చెబుతారు. 1869 జులైలో రైలు 1917 మీటర్ల శిఖరానికి చేరింది. అతని పళ్ల పట్టా చూడటానికి నిచ్చెనలా ఉంటుంది: రెండు ఇనుప బద్దీల మధ్య గుండ్రటి మెట్లు. ఇంజను పళ్ల చక్రం ఒక్కో మెట్టునూ పట్టుకుంటూ పైకి పాకుతుంది. ఒకచోట వాలు 37 శాతం దాటుతుంది. అంత వాలులో మామూలు బాయిలర్‌లో నీరు ఒక కొసకు ఒరిగిపోయి, నిప్పుగది పైకప్పు ఎండిపోయి పేలే ప్రమాదం ఉంది. అందుకే బాయిలర్‌నే ముందుకు వాల్చి బిగించారు. చదునైన నేల మీద చూస్తే ఆ ఇంజను ముక్కు నేలకు ఆనించినట్టు ఉంటుంది, వాలు ఎక్కేటప్పుడు బాయిలర్ సమంగా సర్దుకుంటుంది. ఆ సర్దుబాటు నాకెంతో ఇష్టం.

స్విట్జర్లండులో నిక్లాస్ రిగెన్‌బాక్ ఇలాంటి నిచ్చెన పట్టాతోనే 1871లో రిగి కొండకు రైలు నడిపాడు. ఆయన దగ్గర పనిచేసిన రోమన్ ఆప్ట్ 1882లో మరో మెరుగు కనిపెట్టాడు. నిచ్చెనకు బదులు పక్కపక్కనే రెండు పళ్ల బద్దీలు. ఒకదాని పన్ను ఉన్నచోట రెండోదానికి సందు. ఇంజనుకూ అలాగే జత చక్రాలు. ఒక పన్ను వదిలేలోగా రెండోది పట్టుకుంటుంది కాబట్టి కుదుపు తగ్గుతుంది, పట్టు ఎప్పుడూ తెగదు.

నీలగిరి రైలుది ఈ ఆప్ట్ పద్ధతే. 1899లో మేట్టుపాళయం నుంచి కూనూరు దాకా తెరిచారు. 1908లో ఊటీ చేరింది. మన నెల్లూరు మీదుగా మద్రాసు, బెజవాడలను కలిపిన లైను పూర్తయిందీ 1899లోనే. ఇక్కడ చదును మీద, అక్కడ కొండ మీద ఒకే ఏడాది పట్టాలు పరుచుకున్నాయన్నది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. మొత్తం దారి 46 కిలోమీటర్లు. పళ్ల పట్టా కొండ అడుగునున్న కల్లార్ నుంచి కూనూరు దాకా మాత్రమే ఉంటుంది. అక్కడ వేగం గంటకు 13 కిలోమీటర్లు.

ఇంజను పనితనం నాలుగు సిలిండర్లలో ఉంది. చదును మీద రెండే పనిచేస్తాయి, నున్నటి చక్రాలను తిప్పుతాయి. పళ్ల పట్టా మీదికి వచ్చాక, ఆ రెండింటిలో ఒకసారి పనిచేసిన ఆవిరి బయటికి పోకుండా పైనున్న మరో రెండు సిలిండర్లలోకి వెళ్లి పళ్ల చక్రాలను తిప్పుతుంది. వాడిన ఆవిరినే మళ్లీ వాడుకోవడమన్నమాట.

పళ్ల పట్టా మీద ఇంజను ఎప్పుడూ పెట్టెలకు కింది వైపునే ఉంటుంది. ఎక్కేటప్పుడు వెనక నుంచి నెడుతుంది, దిగేటప్పుడు ముందు నిలిచి అడ్డుకుంటుంది. కొక్కెం తెగినా పెట్టెలు దాని మీద ఆనుకుంటాయే తప్ప లోయలోకి పోవు. చాలామంది ఈ రైలు గొప్ప ఎక్కడంలో ఉందనుకుంటారు. నా దృష్టిలో అది దిగడంలో ఉంది. కూనూరు నుంచి కల్లార్‌కు దాదాపు 1300 మీటర్ల దిగుడు. మన 100 టన్నుల రైలు అంత కిందికి వస్తే విడుదలయ్యే శక్తి సుమారు 350 యూనిట్ల కరెంటుకు సమానం. 500 లీటర్ల దాకా నీటిని ఆవిరి చేయగల వేడి. అదంతా బ్రేకు దిమ్మెల మీదే పడితే అవి కాలిపోతాయి. దీనికి రిగెన్‌బాక్ ఉపాయం చెప్పాడు. దిగేటప్పుడు ఆవిరి ఆపి, సిలిండర్లలోకి గాలి పీల్చనిస్తారు. కిందికి దొర్లే చక్రాలే పిస్టన్లను ఆడిస్తాయి, పిస్టన్లు గాలిని నొక్కుతాయి, నొక్కుడుపడిన గాలి చక్రాలను ఆపుతుంది. పుట్టే వేడిని తీయడానికి కొంచెం నీరు చిమ్ముతారు. ఎక్కేటప్పుడు బండిని తోసిన సిలిండర్లే దిగేటప్పుడు కళ్లెం అవుతాయి.

పట్టు తప్పితే ఏమవుతుందో మౌంట్ వాషింగ్టన్ చూసింది. 1929లో, అక్కడి తొలి ఇంజనును ముచ్చటగా బాగుచేసి వేడుకగా ఎక్కించారు. దిగేటప్పుడు పళ్ల పట్టు తప్పి ఇంజను దూసుకుపోయింది. దాని మీదున్నవారిలో చాలామంది దూకేశారు. ఒక ఫొటోగ్రాఫర్ ప్రాణాలు కోల్పోయాడు.

అందుకే నీలగిరి రైల్లో ఒక్కో పెట్టె వసారా మీద ఒక్కో బ్రేకుమనిషి నిలబడి ఉంటాడు. ఎక్కేటప్పుడు వెనకనున్న డ్రైవరుకు ముందు దారి కనబడదు. మొదటి పెట్టె మీదున్న మనిషి జెండా ఊపి చెబుతాడు, డ్రైవరు ఈల వేస్తాడు, ఆ ఈలకు అందరూ ఒకేసారి బ్రేకు చక్రం తిప్పుతారు. ఈసారి మీరు ఊటీ వెళితే కిటికీలోంచి లోయను చూశాక, ఒకసారి ఆ వసారా మీదున్న చేతుల వైపూ చూడండి.