సూది దిగిందంటే ఇంజిన్ చల్లబడినట్టు కాదు

నెల్లూరు ఆటోనగర్‌లో నాకు షెడ్డు ఉంది. శ్రీపెరుంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మనకు మూడు నాలుగు గంటల దారే కాబట్టి కావలి, ఒంగోలు కుర్రాళ్లు కూడా సొంత కార్లేసుకుని డ్రాగ్‌కు, అంటే తిన్నటి దారిలో పావు మైలు (402 మీటర్లు) ఎవరు త్వరగా పోతారో చూసే పందేలకు వెళ్తున్నారు. అక్కడ చెడిపోయి లారీ ఎక్కి నా షెడ్డుకొచ్చే కార్లను చూసినప్పుడల్లా ఒకటే మాట వింటున్నాను.

అపోహ: "టెంపరేచర్ సూది పైకెళ్లింది గానీ మళ్లీ దిగిపోయిందన్నా. ఇంక పర్లేదు."

వాస్తవం: వేడి కొలిచే సెన్సార్ కూలెంట్‌లో, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవంలో మునిగి ఉంటేనే సరైన వేడి చూపిస్తుంది. కూలెంట్ కారిపోయి దాని చుట్టూ ఆవిరో గాలో మిగిలితే సూది దిగిపోవచ్చు. లోపల ఇంజిన్ పైభాగమైన అల్యూమినియం హెడ్ మాత్రం కాలుతూనే ఉంటుంది. అది వంగుతుంది, దాని కింద సీలులా ఉండే గాస్కెట్ పోతుంది. పైగా చాలా కార్లలో వేడి కొంత పెరిగినా సూది మధ్యలోనే నిలబడేలా కంపెనీ వాళ్లే పెడతారు. అది కదిలిందంటే అప్పటికే ఆలస్యమైందన్న మాట.

ఒకసారి కావలి కుర్రాడి పక్కనే ఉన్నాను. ఎండలో, ఏసీ వేసుకుని, లైన్‌లో ఇరవై నిమిషాలు నిలబడ్డాడు. బండి కదలకపోతే రేడియేటర్‌కు ఫ్యానే దిక్కు. బంపర్ కింద తారు మీద పచ్చటి చుక్కలు కనిపించాయి. వంగి చూస్తే కింది హోస్ పైపు క్లిప్ దగ్గర తడి. ఆపెయ్ అబ్బయ్యా అన్నాను. "సూది దిగింది గదన్నా. ఫీజు కట్టేశా. ఒక్క రన్ అన్నా" అంటుంటే గొంతు వణికింది. నేను తాళం లాక్కోవాల్సింది. లాక్కోలేకపోయాను. 402 మీటర్లు పూర్తికాకముందే తెల్లటి పొగ. క్లిప్ బిగిస్తే పోయేదానికి హెడ్ ఫేసింగ్ (వంగిన హెడ్‌ను చదును చేయడం), గాస్కెట్, బోల్టులు, లారీ బాడుగ కలిపి నలభై వేలు దాటింది. వాళ్ల నాన్న రొయ్యల మేతకు దాచిన డబ్బు అది.

మీకూ ఇలాగే జరిగితే ఇంజిన్ ఆపండి, బానెట్ ఎత్తండి, గంటైనా ఆగండి. వేడి మీద రేడియేటర్ మూత తీయొద్దు. లోపలి ఒత్తిడి వల్లే కూలెంట్ నూరు డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత తీశారో, ముఖం మీదికి చిమ్ముతుంది. ఇంజిన్ మీద చన్నీళ్లు అసలే పోయొద్దు. పూర్తిగా చల్లారాక లీకు ఎక్కడో వెతికి బిగించి, కూలెంట్ నింపి, స్టార్ట్ చేసి చూడండి. రేడియేటర్‌లో ఆగకుండా బుడగలొచ్చినా, ఆయిల్ పాలు కలిపిన కాఫీలా కనిపించినా ఆ రోజుకు బండి లారీ ఎక్కాల్సిందే. టెన్షన్ పడొద్దు. అక్కడితో ఆపితే తక్కువలో పోతుంది.

మిగతా అపోహలు త్వరగా చెప్తాను. ఆక్టేన్ బూస్టర్ పోస్తే మామూలు పెట్రోలుకు ట్యూన్ చేసిన ఇంజిన్‌కు చెప్పుకోదగ్గ పవర్ రాదు. పచ్చ లైటుకు ఆలస్యంగా కదిలితే ఈటీ (రన్‌కు పట్టిన సమయం) పాడవుతుందనేది తప్పు. ఆ గడియారం చక్రం స్టార్ట్ లైన్ దగ్గరి లైటు బీమ్ దాటాకే మొదలవుతుంది, పచ్చ లైటు చూసి కదలడానికి పట్టే రియాక్షన్ లెక్క వేరు.

కారు చెడితే పోటీ జరిగే రెండు రోజులూ దండగ అంటారు, అదీ నిజం కాదు. ఒంగోలు అమ్మాయి ఒకామె శనివారమే క్లచ్ జారుతోందని గమనించి బండి పక్కన పెట్టేసింది. ఆదివారమంతా స్నేహితుడి కారు పక్కన నిలబడి ప్రతి రన్‌కూ టైర్ గాలి, లాంచ్ ఆర్పీఎం (బయల్దేరేటప్పటి ఇంజిన్ వేగం), మొదటి అరవై అడుగులకు పట్టిన టైమ్ నోటుబుక్కులో రాసుకుంది. స్నేహితుడిదీ అదే మోడల్. కొత్త క్లచ్ వేశాక ముందు టైర్లలో గాలి ఎంత పెట్టాలో ఆ నోటుబుక్కు చూసే తేల్చుకున్నాం.