మెడూసా గురించి హోమర్ అలా అనలేదు: గ్రీకు పునఃకథనాల మీద కొన్ని అపోహలు

పాత గ్రీకు కథల్ని ఆడవాళ్ల వైపు నుంచి తిరిగి చెప్పే నవలల మీద ఎం.ఏ. ప్రాజెక్టులు దిద్దే రోజులొస్తే నాకు మెడూసా, అదే తలనిండా పాములున్న ఆవిడ, ఎదురవడం ఖాయం. ఈసారీ ఒకమ్మాయి రాసింది: ఎథీనా దేవత మెడూసాకు పాముల జుట్టు ఇచ్చింది శిక్షగా కాదు, ఇక ఏ మగాడూ తాకకుండా రక్షణగా, అని 'ఇలియడ్', 'ఒడిస్సీ' కావ్యాల కవి హోమర్ చెప్పాడట. ఏ సర్గలో అని వైవాలో ఎక్స్‌టర్నల్ అడిగేసరికి పాపం కళ్లనీళ్లు పెట్టుకుంది. ఎక్కడ చదివావమ్మా అంటే, రీల్‌లో చూశానంది.

హోమర్‌లో మెడూసా అన్న పేరే లేదు, గోర్గాన్ అనే రాక్షసి తల ఉంది, అంతే. మరో తొలినాటి గ్రీకు కవి హెసియడ్ దగ్గర మెడూసా పుట్టుకతోనే గోర్గాన్, ముగ్గురు అక్కచెల్లెళ్లలో చావున్నది ఆమె ఒక్కదానికే. ఎథీనా గుడిలో ఆమె మీద బలాత్కారం, జుట్టు పాములైపోవడం రోమన్ కవి ఓవిడ్ చెప్పిన కథ, అదీ హెసియడ్ తర్వాత దాదాపు ఏడు వందల ఏళ్లకు, లాటిన్‌లో. ఆయన కూడా దాన్ని శిక్ష అనే అన్నాడు. రక్షణ అన్నది ఈ కాలపు వ్యాఖ్యానం. నాకూ నచ్చుతుంది, కానీ దాన్ని తీసుకెళ్లి హోమర్ నెత్తిన పెడితే ఎలా?

మార్కులు పోవడం చిన్న నష్టం, పెద్దది వేరే ఉంది. 'ఒడిస్సీ' పదో సర్గలో సర్సీ అనే మంత్రగత్తె మనుషుల్ని పందుల్ని చేస్తుంది, ఎందుకో హోమర్ చెప్పడు. మేడెలిన్ మిల్లర్ 2018 నవల 'సర్సీ'లో ఒక కారణం ఇచ్చింది: ఆశ్రయమిస్తే వచ్చిన నావికుల నాయకుడే ఆమెను చెరుస్తాడు. అది కూడా హోమరే రాశాడనుకుంటే ఇక మిల్లర్ చేసిందేముంది, మీ ప్రాజెక్టులో రాయడానికి మిగిలిందేముంది? ఓల్గా 'విముక్త'లో సీత శూర్పణఖను కలిస్తే అది వాల్మీకి రాశాడని మనలో ఎవరూ అనరు కదా, గ్రీకు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ తెలివి ఏమవుతుందో.

నేనేం తక్కువ తినలేదు. చదువుకునే రోజుల్లో సెమినార్‌లో, తెరిస్తే లోకంలోకి కష్టాలన్నీ వచ్చిపడ్డ ఆ 'పాండోరా పెట్టె' అంటూ అరగంట ఊదరగొట్టాను. హెసియడ్ చెప్పింది పెద్ద జాడీ. 16వ శతాబ్దంలో లాటిన్‌లో రాసిన పండితుడు ఎరాస్మస్ చేతిలో అది పెట్టె అయింది. మా సారు అంతా విని "ఆ పెట్టె నీకెక్కడ దొరికిందమ్మా?" అన్నారు.

ఈ నవలలు రాసేవాళ్లు అసలు కథను పాడుచేస్తున్నారంటారా? ఎవరి కోసం ట్రాయ్ యుద్ధం జరిగిందో ఆ హెలెన్ ట్రాయ్‌కి వెళ్లనే లేదు, వెళ్లింది ఆమె నీడ అని క్రీ.పూ. 412లోనే గ్రీకు నాటకకర్త యూరిపిడీస్ నాటకం ఆడించాడు. మగవాళ్లను తిట్టడమే పనంటారా? మార్గరెట్ అట్‌వుడ్ నవల 'పెనెలోపియాడ్'లో, ఒడిస్సియస్ ఇంటికి తిరిగొచ్చాక ఉరితీయబడ్డ పన్నెండుగురు దాసీల వేలు అతని భార్య పెనెలోపీ వైపు కూడా చూపిస్తుంది.

"హోమర్ మొత్తం చదవకుండా ఈ నవలలు ముట్టుకోకూడదా మేడమ్?" అని టెన్షన్ పడేవాళ్లకు: అక్కర్లేదు. సర్సీకి ఆ పదో సర్గ చాలు, ఒక సాయంత్రం పని. బ్రైసియిస్ కథ చెప్పే పాట్ బార్కర్ నవల 'ది సైలెన్స్ ఆఫ్ ది గర్ల్స్'కైతే 'ఇలియడ్' మొదటి సర్గ, పంతొమ్మిదో సర్గ. ఆ కావ్యం మొత్తంలో, వీరుడు అకిలీస్‌కు బందీ అయిన బ్రైసియిస్ నోరు విప్పేది ఆ పంతొమ్మిదో సర్గలో ఒక్కసారే, అతని స్నేహితుడు పట్రోక్లస్ శవం మీద పడి ఏడుస్తూ. అది చదివి నవల తెరవండి.