చుక్కలు మీరు పెట్టండి, ముగ్గు నేను వేస్తాను

చింటూ, అమ్మడూ,

మొదటి నాలుగు లైన్లూ నేనే రాశాను, చూడండి. పైన బాగానే ఉన్నాయి కానీ నాలుగో లైనుకొచ్చేసరికి అక్షరాలు ఆవగింజలైపోయాయి. అది కూడా నా పార్కిన్‌సన్స్ జబ్బు పనే, కళ్ళజోడు మారిస్తే పోయేది కాదు. అందుకే మిగతాది తాతయ్య చేత రాయిస్తున్నా.

సంక్రాంతికి నేను ముగ్గు వేస్తుంటే ఇద్దరూ పరిగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకున్నారు కదా. ప్రేమతోనే, నాకు తెలుసు, కానీ అది సాయం కాలేదర్రా. మెదడులో నల్లగా ఉండే ఒక చిన్న భాగంలో కణాలు డోపమైన్ అనే రసాయనం తయారుచేస్తాయి. ఆ కణాలు తగ్గిపోతే నడక, రాత, గుండీలు పెట్టుకోవడం లాంటి, మనం ఆలోచించకుండానే చేసేసే పనులన్నీ నెమ్మదిస్తాయి. వణుకు సంగతి మాత్రం తమాషాగా ఉంటుంది. చెయ్యి ఊరికే ఒళ్ళో ఉన్నప్పుడే నాకు ఎక్కువ, ఏదైనా అందుకోబోతే తగ్గుతుంది, ఎవరైనా చూస్తున్నారని టెన్షన్ పడితే మళ్ళీ మొదలు.

చుక్కల్లేకుండా వాకిలి నిండా ముగ్గు లాగేసిన చెయ్యి ఇది. ఇప్పుడు అలా లాగితే అరచేతంత అవుతోంది. అదే చుక్కలుంటే, ఇక్కడి నుంచి అక్కడిదాకా అని కంటికి ఒక గుర్తు దొరుకుతుంది కాబట్టి గీత మళ్ళీ పెద్దదవుతుంది. అడుగు పడక కాళ్ళు నేలకి అతుక్కుపోయినట్టు నిలబడిపోయేవాళ్ళలో చాలామందికి నేల మీద అడ్డగీతలు గీస్తే అడుగు పడుతుంది, అదీ ఇలాంటిదే. కాబట్టి నా చెయ్యి వదిలేసి చుక్కలు పెట్టండి.

ఈమధ్య ఆకులు కూడా మొదలుపెట్టాను. బాదం ఆకుని ఈనెలు పైకి వచ్చేలా పెట్టి, మీద కాగితం పరిచి, కాగితం నాలుగు మూలలూ బల్లకి టేపుతో అతికించి, లావుపాటి మైనం రంగుముక్కని పడుకోబెట్టి రుద్దుతాను. చెయ్యి కాస్త అటూ ఇటూ పోయినా ఈనెలు వాటి చోటనే అచ్చుపడతాయి. సన్న బ్రష్షు నాకొద్దు, దానితో పేచీ ఎక్కువ. లేత టేకాకు అరచేతిలో నలిపితే ఎర్ర రంగు వస్తుంది, అది పూసుకోవడం ఇంకా సరదా. ఇదంతా మాత్ర వేసుకుని అది పనిచేయడం మొదలయ్యాకే. మాత్ర పవరు దిగిపోయిన వేళ నన్ను బొమ్మ వెయ్యమని అడగకండి, తిడతాను. ముఖంలో నవ్వు కనబడకపోతే మాత్రం కోపం అనుకోవద్దు, కండరాలు బిగుసుకుపోయి అలా ఉంటుంది, అంతే.

ఒక సంగతి చెప్తే నమ్మరు. 1817లో ఈ జబ్బు గురించి రాసిన లండన్ డాక్టరు జేమ్స్ పార్కిన్‌సన్‌కి శిలాజాల పిచ్చి. వాటి మీద మూడు సంపుటాలు రాస్తే, 1804లో వచ్చిన మొదటిది రాళ్ళలో మిగిలిపోయిన మొక్కల గురించే! ఆయన జబ్బూ, ఆయన ఆకుల సరదా రెండూ నాకే వచ్చాయని తాతయ్య వెక్కిరింపు. (ఈ వాక్యం రాయనన్నారు, రాయించాను.)

సెలవులకి వచ్చేటప్పుడు రాలిన ఆకులేవైనా పుస్తకాల మధ్య పెట్టి తీసుకురండి. రావి ఆకులు నేనే బకెట్లో నానబెట్టాను, మెత్తటిదంతా కుళ్ళిపోయాక పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా తోమితే జల్లెడలాంటి ఈనెలే మిగులుతాయి. ఆ పని మీ కోసం ఉంచుతున్నా. బకెట్ కంపు కొడుతోందని తాతయ్య గోల. నాకు వాసన తెలియడం ఎప్పుడో పోయింది, హాయిగా దాని పక్కనే కూర్చుంటున్నా.

మీ అమ్మమ్మ