ఆయిల్ ఇంజనా, సోలారా: తగువు మొదలైంది 2014 అక్టోబరులో

శ్రీకాకుళం తీరంలోని ఉద్దానంలో ఈదురుగాలి వీచినప్పుడల్లా లేచే తగువే మళ్లీ లేచింది. ఒరిగిపోయిన సోలార్ పంపుసెట్టుకు ఎవరు జవాబుదారీ: అమ్మిన వ్యాపారా, కొన్న రైతా? రైతు సోలార్ వైపు తిరిగిన అసలు మలుపు 2014 అక్టోబరులో, ఒక్క వారంలో ఉంది.

12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో స్తంభాలు కూలి కరెంటు పోయింది. నీళ్లు తోడాలంటే ఆయిల్ ఇంజనే దిక్కు. 18న కేంద్రం డీజిల్ ధరపై నియంత్రణ ఎత్తేసింది. అప్పటికి ధర తగ్గింది కాబట్టి అది ఎవరికీ పట్టలేదు. 5 హెచ్‌పీ ఇంజన్ గంటకు సుమారు లీటరు తాగుతుంది. ఆ తర్వాత పెరిగిన ప్రతి రూపాయీ తడి ఖర్చులోనే పడింది. సోలార్ వ్యాపారికి బేరం కుదిరింది అక్కడే.

2018లో తిత్లీ తుపాను పలాస వైపు విరుచుకుపడి మళ్లీ స్తంభాలను కూల్చింది. మరుసటి ఏడు సోలార్ పంపులకు సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం పీఎం-కుసుమ్ వచ్చింది: ఖర్చులో కేంద్రం 30 శాతం, రాష్ట్రం 30, రైతు 40.

నిబంధన ప్రకారమే బిగించామని, తుపాను తమ చేతిలో లేదని వ్యాపారులు అంటారు. నిజమే, పథకం స్పెసిఫికేషన్ గంటకు 150 కిలోమీటర్ల గాలికే. కానీ కట్టడాలు తట్టుకోవాల్సిన గాలి వేగంపై భారతీయ ప్రమాణం విశాఖకు సెకనుకు 50 మీటర్లు అంటోంది, అంటే 180 కిలోమీటర్లు. ఆ తేడా రైతుకు ముందే ఎవరు చెప్పాలి?

5 హెచ్‌పీ మోటారుకు దాదాపు 4,800 వాట్ల ప్యానెళ్లు కావాలి. అవి దక్షిణానికి వాలి ఉంటాయి. తుపాను తీరం దాటక ముందు ఇక్కడ ఎక్కువగా వీచేది ఉత్తర, ఈశాన్య దిక్కుల గాలి. అది ప్యానెల్ వెనక నుంచి దూరి పైకి ఎత్తుతుంది. ఇసుక నేలలో లోతు తక్కువ పునాది దిమ్మె అయితే దిమ్మెతో సహా పెకలుతుంది. కొబ్బరి నీడ సంగతి వేరే: ఒక్క మట్ట నీడ ఒక్క ప్యానెల్ మీద పడినా వరుసగా కలిపిన మిగతావాటి కరెంటూ పడిపోతుంది, పంపు నీరసిస్తుంది.

అయిదేళ్ల నిర్వహణ, ప్రకృతి విపత్తుకు బీమా పథకంలోనే ఉన్నాయి. ఆ బీమా కాగితం రైతు చేతికి ఇవ్వకపోతే అది ఉన్నా లేనట్టే. తుపాను హెచ్చరిక వచ్చాక వంపు తగ్గించి ప్యానెళ్లను పడుకోబెట్టొచ్చు. కాకపోతే ఏడాదిగా గ్రీజు చూడని, వంపు మార్చే బోల్టు ఉప్పుగాలికి తుప్పు పట్టి ఉంటుంది, పానా తిరగదు.