వినేవాళ్లు వైజాగ్‌లోనే, లెక్క మాత్రం ఎక్కడో

ఎంవీపీ కాలనీలో నా మిత్రుడి గది. రికార్డింగ్‌కి ముందు ఫ్యాన్ ఆపేసి, తలుపుకి రెండు బొంతలు వేలాడదీస్తాడు. వైజాగ్ ఉక్కపోతకి పది నిమిషాల్లో చొక్కా ఒంటికి అతుక్కుపోతుంది. చంకలో జముకు అనే జానపద వాయిద్యాన్ని ఇరికించుకుని తీగ మీటితే గది గుమ్మని మోగుతుంది. అలా చేసిన పాటని మ్యూజిక్ యాప్‌లలో పెట్టడానికి ఓ డిస్ట్రిబ్యూటర్‌కి ఏడాది చందా కట్టాడు. ఏడాది తిరిగేసరికి పాట తెచ్చిన డబ్బు ఆ చందాకి కూడా చాలలేదు. పాట బాగాలేక కాదు. బీచ్ రోడ్డులో పాడితే జనం ఆగి వింటారు.

మరి ఎక్కడ తేడా వస్తోంది? కొంచెం వెనక్కి వెళ్లాలి.

విశాఖ ఆకాశవాణి 1963లో మొదలైంది. అక్కడ పాడాలంటే ఆడిషన్ నెగ్గాలి, గ్రేడ్ రావాలి. గేటు ఇరుకే. కానీ దాటినవాళ్లకి కార్యక్రమానికి ఎంతొస్తుందో ముందే తెలిసేది. క్యాసెట్లొచ్చాక గేటు వెడల్పయింది, లెక్క మాయమైంది. చాలామంది పాటని హక్కులతో సహా ఒక్క మొత్తానికి అమ్మేసుకున్నారు. సినిమాల్లోనూ అదే తీరు. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించాకే, రచయిత, స్వరకర్తల రాయల్టీ (పాట వాడకానికి వచ్చే డబ్బు) వాటాని వదులుకున్నట్టు రాయించుకున్నా చెల్లదని తేలింది.

ఆ ఫలం చేతికి రావాలంటే రచయితలు, స్వరకర్తల రాయల్టీ వసూలు చేసి పంచే, 1969 నుంచి ఉన్న ఐపీఆర్‌ఎస్ అనే సంస్థలో సభ్యులు కావాలి. సొంతంగా రాసి, బాణీ కట్టి, పాడేవాళ్లకి రెండు దారుల్లో డబ్బు రావాలి: రికార్డింగ్‌కి డిస్ట్రిబ్యూటర్ ద్వారా, రచనకీ బాణీకీ ఐపీఆర్‌ఎస్ ద్వారా. నాకు తెలిసిన కుర్రాళ్లలో రెండో దారి సంగతి తెలిసినవాళ్లు ఇద్దరో ముగ్గురో. వాళ్లని తప్పుపట్టను, ఎవరైనా చెబితే కదా తెలిసేది.

ఇక స్ట్రీమింగ్. సావన్, గానా లాంటి యాప్‌లు ముందు నుంచీ ఉన్నా, 2016లో జియో వచ్చి డేటా చవకయ్యాకే అవి అందరి ఫోన్లలోకీ చేరాయి. 2019 ఫిబ్రవరిలో స్పాటిఫై మన దేశానికి వచ్చింది, నెలకు 119 రూపాయలతో. అసలు మెలిక ఇక్కడే ఉంది. మద్దిలపాలెంలో ఓ అమ్మాయి నెల చందా కట్టి, నెలంతా మావాడి పాట ఒక్కటే విందనుకోండి. ఆ డబ్బు నేరుగా అతనికి రాదు. అందరి చందాలూ ఒకే కుండలో పడతాయి. యాప్ తన వాటా తీసుకున్నాక, మిగిలిన సుమారు మూడింట రెండొంతుల్ని మొత్తం మీద ఎవరి పాట ఎన్నిసార్లు మోగిందో చూసి పంచుతారు. మన దగ్గర మోగేది ఎక్కువగా సినిమా పాటే. అంటే ఆమె కట్టిన రూపాయలు, ఆమె ఎన్నడూ వినని పాటల కంపెనీలకి పోతాయి. ఇది నాకు అన్యాయంగానే కనిపిస్తుంది. వేరే దారి లేదా అంటే, ఎవరి డబ్బు వాళ్లు విన్న కళాకారులకే చేరే పద్ధతిని సౌండ్‌క్లౌడ్ అనే యాప్ 2021లోనే మొదలుపెట్టింది.

2024 నుంచి స్పాటిఫై ఇంకో గీత గీసింది. గడిచిన 12 నెలల్లో వెయ్యిసార్లయినా మోగని పాటకి రికార్డింగ్ రాయల్టీ లేదు. అలాంటి పాటలకొచ్చే పైసలు, అణాలు పాడినవాళ్లకి చేరక మధ్యలోనే ఆగిపోతున్నాయి కాబట్టి వాటిని మిగతా పాటలకి కలుపుతున్నామన్నది వాళ్ల వాదన. సినిమా పాటకి వెయ్యి ఓ లెక్కా? జముకు పాటకి అది కొండంత. అదే ఏడాది మన దగ్గర రెస్సో, వింక్ యాప్‌లు మూతపడ్డాయి. అక్కడ కూడబెట్టుకున్న శ్రోతల్ని మళ్లీ ఒక్కొక్కరినీ వెతుక్కోవాలి.

ఉత్తరాంధ్ర వాళ్లకి ఇంకో చిక్కుంది. జానపద బాణీ ఊరందరిదీ. కానీ ఎవరో ఎప్పుడో రికార్డు చేసి అప్‌లోడ్ చేస్తే, ఆ తర్వాత పాడినవాళ్ల పాటని కంప్యూటర్ నకలుగా పట్టుకోవచ్చు. మావాడి రెండో పాటకి అలాగే, ఇది మా పాటే అంటూ కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. ఆ రాత్రంతా టెన్షన్‌తో కూర్చుని అభ్యంతరం ఫారం నింపాడు. పాట ఎక్కడిది అన్నచోట, చోడవరం దగ్గర పల్లెలో మా అమ్మమ్మ పాడేది అని రాశాడు. దాని కింద రుజువు జతచేయమని ఓ గడి. అమ్మమ్మ పాటని ఎవరూ రికార్డు చేయలేదు.