కల్లు మాగదు, పులుస్తుంది: ఒక గీత కార్మికుడి అపోహలు – వాస్తవాలు

నకిరేకల్ దగ్గర మా ఊరు. ఇరవై ఏళ్లుగా తాటిచెట్లు గీస్తున్నా. చెట్టు కింద కూర్చున్నవాళ్లు కల్లు గురించి చెప్పే శాస్త్రం రోజూ వింటూనే ఉంటా. కొన్నిటికి నవ్వి ఊరుకుంటాను. కొన్నిటికి ఊరుకోలేను.

అపోహ: ఎంత నిలవ ఉంచితే కల్లుకు అంత బలం.

ఈ మాట మా మేనల్లుడే అన్నాడు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. "లాగర్ బీరును వారాలకు వారాలు మాగబెడతారు మామా, కల్లును రెండ్రోజులు పెడితే ఏమైతది?" అని.

లాగర్ సంగతి వేరు. బార్లీ రసాన్ని మరిగించి, చల్లార్చి, తమకు కావలసిన ఈస్ట్‌నే వేసి, గాలి తగలకుండా మూసేస్తారు. ఆ ఈస్ట్ పదీ పన్నెండు డిగ్రీల చలిలో నిదానంగా పనిచేసే రకం. ఆ తర్వాత దాదాపు సున్నా డిగ్రీల దగ్గర వారాలపాటు ఉంచితే బీరు తేటబడి, రుచి కుదురుకుంటుంది. మన కల్లుకు ఆ కాపలా ఎక్కడిది? చెట్టుకు కట్టే కుండ, అదే లొట్టి, మూతి తెరిచే ఉంటుంది. ఈగలు, తేనెటీగలు దాంట్లోనే. పైన నల్లగొండ ఎండ. గెల నుంచి బొట్టు పడ్డప్పటినుంచే ఈస్ట్, బ్యాక్టీరియా కలిసి చక్కెర మీద పడతాయి. కొన్ని గంటల్లోనే ఆల్కహాల్ తయారవుతుంది, పూర్తిగా పులిసేసరికి నాలుగైదు శాతం దాకా ఉంటుంది. రోజు దాటిందా, ఆ ఆల్కహాలే వెనిగర్‌లో ఉండే ఆమ్లంగా మారడం మొదలవుతుంది. నాలుక జివ్వుమంటే బలం అనుకుంటారు. అది పులుపు.

వాడు వినలేదు. రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసాలు రెండు నింపి, మూతలు బిగించి, కారు డిక్కీలో పెట్టాడు. మూత వదులుగా పెట్టరా అంటే, "కారిపోతది మామా" అన్నాడు. ఏప్రిల్ నెల. చౌటుప్పల్ చేరకముందే ఒకటి పేలింది. పులిసేటప్పుడు పుట్టే కార్బన్ డయాక్సైడ్‌కు దారి లేకపోతే అంతే మరి. స్టెప్నీ, బ్యాగు, చెప్పులు అన్నీ కల్లులో నానాయి. నెల రోజులు ఆ కారు వాసన వదల్లేదు, ఈగలూ వదల్లేదు.

అపోహ: తేటగా ఉంటే నీళ్లు కలిపినట్టే.

చెట్టు నుంచి దిగే రసమే తేటగా ఉంటుంది. అందులో ఈస్ట్, బ్యాక్టీరియా పెరిగేకొద్దీ తెల్లబడుతుంది. సున్నం పూసిన లొట్టి కట్టి, తెల్లారకముందే దించి చల్లగా ఉంచితే అది నీరా, అంటే పులియని తియ్యటి రసం. పొద్దున దించిన ప్రతి కల్లూ నీరా కాదు. 2023లో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ తెరిచాక ఈ తేడా కొంతమందికైనా తెలిసింది.

అపోహ: లొట్టి కడిగితే రుచి పోతుంది.

లొట్టి అడుగున మిగిలిన మడ్డి, పాలలో వేసిన తోడు లాంటిది. కొత్త రసాన్ని తొందరగా పులియబెడుతుంది. తియ్యకల్లు కావాలనేవాళ్లకు నేను లొట్టి కడిగి, ఎండబెట్టి కడతాను. పుల్లనిదే కావాలనే పెద్దమనుషులు కొందరున్నారు, వాళ్లతో వాదన పెట్టుకోను.

అపోహ: మత్తు బాగా ఎక్కితే అది మంచి చెట్టు కల్లు.

ఇక్కడ నవ్వు రాదు. ఒక గ్లాసుకే మనిషిని పడగొట్టే చెట్టు ఎక్కడా లేదు. అది మందు కల్లు. క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలుపుతారు. రంగు చూసి, నురగ చూసి పట్టలేం. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. ఇంకో సంగతి: అలవాటు పడ్డవాళ్లు ఒక్కసారిగా మానేస్తే చేతులు వణుకుతాయి, నిద్ర ఉండదు, పిచ్చిపిచ్చిగా మాట్లాడతారు, ఫిట్స్ కూడా రావచ్చు. పాలమూరు వైపు మా చుట్టాలింట్లో ఒకాయనకు ఇలాగే అయితే గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాల్సిన జబ్బు అది.

అపోహ: కల్లు తాగితే కిడ్నీలో రాళ్లు కరుగుతాయి.

కరగవు. అమ్ముకునేవాణ్ణి నేనే చెబుతున్నా.

అపోహ: చేయి తిరిగినవాడు చెట్టు మీంచి పడడు.

మా దగ్గర పడ్డవాళ్లలో ఎక్కువమంది చేయి తిరిగినవాళ్లే. వానకు మాను జారుతుంది, చెట్టెక్కే తాడు, అదే మోకు, పాతదైతే తెగుతుంది. 2024 జూలైలో ప్రభుత్వం కాటమయ్య రక్ష పేరుతో సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. నాకు వచ్చినప్పుడు బరువనిపించి రెండు నెలలు గోడకు తగిలించాను. ఒక తడి పొద్దున సగం చెట్టు మీద కాలు జారి, మోకు పట్టుకుని వేలాడాను. దిగాక మా ఆవిడ ఏమీ అనలేదు. కిట్ తెచ్చి సైకిల్ హ్యాండిల్‌కు తగిలించింది.