కొవ్వొత్తిని గాలి పీల్చి ఆర్పగలరా?

"షెడ్డు గోడలకు నాలుగు పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాన్లు పెట్టించాం. అయినా వెల్డింగ్ పొగ మొహంలోకే వస్తోంది, ఎందుకని?" అని ఒక పాఠకుడు అడిగారు. చాలా మంచి ప్రశ్న. దీనికి జవాబు కొవ్వొత్తి దగ్గర దొరుకుతుంది.

వెలుగుతున్న కొవ్వొత్తిని మూరెడు దూరంలో పెట్టి ఊదండి. ఆరిపోతుంది. అక్కడి నుంచే గాలిని లోపలికి పీల్చి ఆర్పడానికి ప్రయత్నించండి. ఎంత గట్టిగా పీల్చినా ఆరదు. ఊదిన గాలి ధారలా ఒకే దిక్కుకు దూసుకుపోతుంది. పీల్చే గాలి మాత్రం ముందు నుంచీ, పక్కల నుంచీ, చెంపల వెనక నుంచీ వచ్చి నోట్లో చేరుతుంది. అన్ని దిక్కులకూ పంచితే కొవ్వొత్తి వాటాకి వచ్చేది ఎంత?

అడుగు వెడల్పున్న గొట్టంతో ఊదితే, 30 అడుగుల అవతల కూడా గాలికి మొదటి వేగంలో సుమారు పదో వంతు మిగులుతుంది. అదే గొట్టంతో పీలిస్తే, మూతికి ఒక్క అడుగు దూరంలోనే వేగం పదో వంతు కన్నా కిందికి పడిపోతుంది. గొట్టం మూతి చుట్టూ ఒక గోళాన్ని ఊహించుకోండి. గాలి ఆ గోళం ఉపరితలమంతటి నుంచీ లోపలికి వస్తుంది. ఉపరితలం వ్యాసార్థపు వర్గంతో పెరుగుతుంది కాబట్టి, దూరం రెట్టింపైతే వేగం నాలుగో వంతు, మూడు రెట్లైతే తొమ్మిదో వంతు!

వెల్డింగ్ పొగను పట్టాలంటే, అది పుట్టే చోటనే గాలి సెకనుకు అర మీటరు నుంచి ఒక మీటరు వేగంతో కదలాలి. ఎక్కడో గోడకున్న ఫ్యాను ఇక్కడ ఆ వేగాన్ని తేలేదు. గొట్టం చివర హుడ్ (పొగను పట్టే గరాటు లాంటి వెడల్పాటి మూతి) బిగించి పొగకు జానెడు దూరంలోకి తెస్తే చిన్న ఫ్యానైనా సరిపోతుంది. హుడ్ మూతి చుట్టూ వెడల్పాటి రేకు అంచు వేస్తే, వెనక నుంచి వచ్చే గాలి ఆగిపోయి సుమారు పావు వంతు గాలి ఆదా అవుతుంది. ఒక్క రేకుతో! హుడ్‌ని మాత్రం తల పైన వేలాడదీయకండి. వంగి పనిచేసే మనిషి ముక్కు దాటుకునే పొగ పైకి పోతుంది. పక్క నుంచే లాగాలి.

గోడ ఫ్యాన్లు వృథా అని కాదు, వేడికి అవి కావాలి. యంత్రాలు 100 కిలోవాట్ల వేడి వదులుతుంటే, లోపలి గాలి బయటికన్నా 10 డిగ్రీలకు మించి వేడెక్కకుండా ఉండటానికి సెకనుకు 8 ఘనపు మీటర్ల పైచిలుకు గాలి మారాలి. అంత గాలీ ఎక్కడి నుంచో లోపలికి రావాలి కదా! "వేడిగాలి పైకి పోతుంది" అని బళ్లో చెప్పి ఆపేస్తారు. దాన్ని పైకి నెట్టేది కింద నుంచి దూరే బరువైన చల్లగాలి అని కూడా చెప్పాలి. కింది కిటికీలు మూసేస్తే కప్పు మీద ఎన్ని ఫ్యాన్లున్నా ఊపిరాడదు. ఫ్యాను పక్కనే కిటికీ తెరిస్తే బయటి గాలి అటు వచ్చి ఇటే పోతుంది. కొలిమి ముందు మొహాన్ని కాల్చే వేడి వేరు. అది వెలుగులా నేరుగా వస్తుంది, గాలికి ఆగదు. మెరిసే అల్యూమినియం రేకు అడ్డుపెట్టాల్సిందే.

హుడ్ బిగించాక సన్నని దారం పోగు పట్టుకుని దాని ముందు మెల్లగా వెనక్కి జరగండి. పోగు మూతి వైపు వంగడం ఎక్కడ మానేస్తుందో చూసి, అంతకన్నా బాగా లోపలికే వెల్డింగ్ బల్లను జరపండి.